మొదటిసారి గోదాలోకి దిగే కుర్రాళ్లకు కోడి రామమూర్తి జీవితమే పాఠం

రోలుగుంట: మన చోడవరం, రోలుగుంట ప్రాంతాల నుంచి విశాఖపట్నం వెళ్లినవారు సముద్రపు ఒడ్డున ఒక వస్తాదు విగ్రహాన్ని చూసే ఉంటారు. ఆయనే కలియుగ భీముడిగా పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు. గొలుసులు తెంచాడనీ, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడనీ మన పెద్దలు కథలుగా చెబుతారు. అంతటి మనిషి కూడా ఒకనాడు ఓనమాలు దిద్దుకున్నవాడేనన్న సంగతి మాత్రం చాలామంది మరచిపోతారు. కుస్తీ గానీ, కరాటే గానీ నేర్చుకుని మొదటి పోటీకి వెళ్లబోయే కుర్రాళ్లు తెలుసుకోవలసింది ఆ సంగతే.

రామమూర్తి 1880 దశకం తొలి సంవత్సరాలలో వీరఘట్టంలో పుట్టారు. తండ్రి వెంకన్న నాయుడు. చిన్ననాడే తల్లి పోయింది. పిల్లవాడు చదువు మీద కంటే ఒంటి బలం మీద ఎక్కువ మనసు పెట్టాడు. వేకువనే లేచి ఊరి దగ్గరి చెరువు వద్దకు పోయి కసరత్తు చేసి వచ్చేవాడని అక్కడివారు చెబుతారు. తరువాత తండ్రి అతనిని విజయనగరంలోని పినతండ్రి నారాయణస్వామి ఇంటికి పంపారు. అక్కడి వ్యాయామశాలలో దేహదారుఢ్యం, మల్లయుద్ధం క్రమంగా నేర్చుకున్నాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. బలం వచ్చిందని రామమూర్తి నేర్చుకోవడం ఆపలేదు. మద్రాసు సైదాపేటకు వెళ్లి వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొందారు. తిరిగి విజయనగరం వచ్చి బడిపిల్లలకు వ్యాయామం నేర్పారు. ఆ తరువాతనే పొట్నూరి తమ్మన్నశాస్త్రి తోడ్పాటుతో సర్కసు కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు. ముందు శిష్యుడు, పిదప గురువు, ఆ పైన ప్రదర్శకుడు.

ఆయన బలానికి ఆధారం ఊపిరి. ప్రాణాయామం శ్రద్ధగా సాధన చేసేవారు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, గాలి నిండా పీల్చి, కండలు బిగించి దానిని తెంచేవారు. భుజాలకు కట్టిన గొలుసులతో రెండు మోటారు కార్లను కదలనివ్వకుండా ఆపేవారు. మాంసం ముట్టని శాకాహారి.

కొత్తగా బరిలోకి దిగేవాడు తరచు ఓడేది ఎదుటివాడి బలానికి కాదు, తన బెదురుకే. బెదురుతో ఊపిరి బిగబడుతుంది, ఒళ్లు కొయ్యబారుతుంది, నిమిషం తిరగకుండానే ఆయాసం వస్తుంది. అందువల్ల పట్లతో పాటు ఊపిరి నిలకడగా తీసుకోవడం కూడా ముందు నుంచీ అలవాటు కావాలి. పోటీ నాలుగు రోజులుందనగా కొత్త పట్టు నేర్చుకోబోవడం, బరువు తగ్గాలని తిండి నీళ్లు మానేయడం, ముందురోజు అలిసిపోయేలా దండీలు బస్కీలు తీయడం మంచివి కావు. నేర్చిన రెండు మూడు పట్లనే తోటివాడితో మళ్లీమళ్లీ చేయాలి. రాత్రి కడుపారా తిని నిద్రపోవాలి. దెబ్బ తగిలితే దాచకుండా గురువుకు చెప్పాలి.

రామమూర్తికీ దెబ్బలు తప్పలేదు. ఒక ప్రదర్శనలో ఛాతీ మీది బల్ల విరిగి తీవ్రంగా గాయపడ్డారని చెబుతారు. చివరి కాలంలో జబ్బు చేసి శస్త్రచికిత్సతో ఒక కాలు తీసివేశారు. 1942 జనవరి 16న ఒరిస్సాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. సంపాదించిన ధనంలో చాలా భాగం దానధర్మాలకే పోయింది. శ్రీకాకుళంలోని క్రీడా మైదానానికి ఆయన పేరే పెట్టారు.

మొదటి పోటీలో గెలుపు రాకపోవచ్చు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఓడిన మర్నాడు వేకువనే లేచి మళ్లీ సాధనకు వెళ్లినవాడే వస్తాదు అవుతాడు. తల్లిదండ్రులు కూడా పిల్లవాడు ఓడి ఇంటికి వస్తే గేలి చేయక వెన్ను తట్టాలి. వీరఘట్టం కుర్రవాడిని కలియుగ భీముడిని చేసింది ఒక్కరోజు కుస్తీ కాదు, ఏళ్ల తరబడి చేసిన సాధన.