ఎర్ర తలపాగా నల్లగా పడే రోజుల్లో: రాజా దీన్‌దయాళ్ కెమెరా కథ

ఆ రోజుల్లో ఎర్ర తలపాగా ఫొటోలో నల్లగా పడేది. నీలం షేర్వానీ తెల్లబోయేది. గాజు పలక మీద పూసే రసాయనానికి నీలి వెలుతురు ఇట్టే అంటేది, ఎరుపు అసలు కనిపించేది కాదు. జరీ, మేలిమి బంగారం కూడా మసకబారేవి. ఒంటినిండా నగలతో, మెరిసే పట్టు బట్టలతో కెమెరా ముందు కూర్చునే నవాబులు, మహారాజుల వైభవాన్ని ఇలాంటి పలక మీదకు ఎక్కించి, వాళ్లను మెప్పించి బతకడం అంత తేలిక పని కాదు. ఆ పనిలో 19వ శతాబ్దపు భారతదేశంలో అందరికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నవాడు లాలా దీన్‌దయాళ్.

1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. వాళ్లది నగల వ్యాపారం. అతను మాత్రం రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో చేరాడు. అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఉద్యోగం. 1874 ప్రాంతంలో కెమెరా చేతబట్టాడు. ఇందోర్ పాలకుడు రెండవ తుకోజీరావు హోల్కర్, గవర్నర్ జనరల్ ఏజెంటు హెన్రీ డేలీ అతన్ని ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు పర్యటనను ఫొటోలు తీశాడు. తర్వాత లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి గుళ్లు, కోటలు తీస్తే, వాటితో 1886లో మధ్యభారత కట్టడాల మీద ఒక పుస్తకమే వచ్చింది. నక్షాలు గీసిన చేయి కాబట్టి కట్టడాల ఫొటోలు బాగా రావడంలో వింత లేదు. మనుషుల ముఖాల దగ్గరే అసలు పరీక్ష.

కట్టడానికి ఒక లెన్స్, ముఖానికి మరో లెన్స్ కావాలి. ఇది నేటికీ మారని సంగతే, అప్పట్లో మరీ కటువుగా ఉండేది. వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ 1840లో లెక్కగట్టిన పోర్ట్రెయిట్ లెన్స్ అంతకుముందు వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చేది. కూర్చున్న మనిషి కదలకుండా ఉండాల్సిన సమయం దానితో బాగా తగ్గింది. దానికో లోపం ఉంది: నడిమి భాగం పదునుగా వస్తుంది, అంచులు మెత్తగా కరిగిపోతాయి. ఒంటరి ముఖానికి ఆ లోపమే అందమైంది. కళ్ల మీద చూపు నిలుస్తుంది, వెనక తెర దూరంగా జారిపోతుంది. అదే లెన్స్‌తో దర్బారు మొత్తాన్ని తీస్తే చివర నిలబడ్డ సర్దార్లు మసకైపోతారు. సమూహాలకూ కట్టడాలకూ 1866లో వచ్చిన రాపిడ్ రెక్టిలీనియర్ తరహా లెన్స్‌లు పనికొచ్చాయి. గీతలు వంగవు, అంచులదాకా స్పష్టత ఉంటుంది. కానీ వెలుతురు తక్కువ, కాబట్టి అందరూ ఇంకొన్ని క్షణాలు బిగుసుకుని నిలబడాలి.

మరో చిక్కు పలక సైజు. నెగటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెట్టి ప్రింటు తీసేవారు కాబట్టి, పెద్ద బొమ్మ కావాలంటే అంతే పెద్ద గాజు పలక కావాలి. పలక పెరిగే కొద్దీ లెన్స్ పొడవు పెరుగుతుంది, ఫోకస్ లోతు తగ్గుతుంది. కళ్లు పదునుగా ఉంటే చెవులు మసకబారతాయి. పొడవాటి లెన్స్‌తో కెమెరా దూరంగా నిలవడం వల్ల మాత్రం ఒక మేలు జరిగింది. మరీ దగ్గరగా తీసినప్పుడు ఉబ్బినట్టు కనిపించే ముక్కు, తన కొలతలోనే ఉండేది. ఇక తల కదలకుండా వెనక ఇనుప ఊత, పక్కనుంచి మెత్తగా పడే ఆకాశపు వెలుతురు, రంగులద్దిన తెర, చివర నెగటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు సవరించే పనివాడు. ఆనాటి స్టూడియో అంటే ఇదంతా.

1880లలో తడి పలకల స్థానంలో పొడి జెలటిన్ పలకలు వచ్చాక వెంట డేరా, మందుసీసాలు మోసుకుపోయే బాధ తప్పింది. సరిగ్గా ఆ సమయంలోనే అతని దశ తిరిగింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా హైదరాబాద్ వచ్చాడు, వైస్రాయ్ కొలువు గుర్తింపూ దక్కింది. సర్కారీ ఉద్యోగం వదిలేశాడు. సికింద్రాబాద్‌లో 1886లో, బొంబాయిలో 1896లో స్టూడియోలు తెరిచాడు. 1894లో నిజాం ఇచ్చిన బిరుదు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. యంత్రంతో పని చేసేవాడికి కుంచె పట్టేవాడి బిరుదు దక్కడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. 1897లో విక్టోరియా రాణి ఫొటోగ్రాఫర్‌గా రాజ పత్రం కూడా అందింది.

వీటన్నిటికంటే గట్టి ఆలోచన 1892 నాటిది. గొప్పింటి స్త్రీలు పరాయి మగవాడి ఎదుట పడరు. పోర్ట్రెయిట్ అంటే మరి మనిషి ముఖంలోకి కదలకుండా చూడటమే. దీన్‌దయాళ్ ఆ కట్టుబాటుతో తగువు పెట్టుకోలేదు, కెమెరా వెనక మనిషిని మార్చాడు. హైదరాబాద్‌లో ఎత్తయిన గోడల మధ్య జనానా స్టూడియో పెట్టి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే బ్రిటిష్ మహిళకు అప్పగించాడు. సాయం చేసేవాళ్లూ ఆడవాళ్లే. వ్యాపార దక్షత అనండి, మర్యాద అనండి, ఫొటోకు కూర్చునే మనిషి జంకు తీరితే తప్ప ముఖం తెరుచుకోదని తెలిసినవాడి పని అది.

అతని కెమెరా ఎవరి వైపు నిలబడిందన్న ప్రశ్నను దాటవేయలేం. 1902లో ఓరుగల్లు ప్రాంతపు నెక్కొండలో వేటాడిన పులి ముందు కర్జన్ దంపతులు నిలుచున్న ఫొటో సామ్రాజ్యపు దర్పానికి గుర్తుగా నేటికీ తిరుగుతోంది. ఫలక్‌నుమా గదులు, సైనిక కవాతులు, విందులు, అన్నీ ఏలినవారి కోసం తీసినవే. అయితే అదే సంస్థ 1899-1900 కరువు రోజుల్లో ఔరంగాబాద్ వైపు వెళ్లి, ఎముకలు తేలిన మనుషులనూ, సహాయ పనులనూ తీసింది. నిజాం ప్రభుత్వం చేసిన మేలును చూపడానికి తీసిన బొమ్మలే అవి. దర్బారీలను నిలబెట్టినట్టే ఆకలిగొన్నవాళ్లనూ వరసలో నిలబెట్టారు. ఆ పొందికే వాటిని చూడటం కష్టం చేస్తుంది. బిరుదులున్నవాళ్ల పేర్లు ఫొటోల కింద ఉన్నాయి, వీళ్లవి లేవు.

1903 ఢిల్లీ దర్బారు నాటికి సంస్థ పెద్దదైంది. యాభై మందికి పైగా పనివాళ్లుండేవారు, కొడుకులు ధరమ్‌చంద్, జ్ఞాన్‌చంద్ చేదోడుగా ఉన్నారు. మరుసటి ఏడే ధరమ్‌చంద్ చనిపోయాడు. 1905 జూలై 5న దీన్‌దయాళ్ కన్నుమూశాడు. వ్యాపారం జ్ఞాన్‌చంద్ చేతికి వచ్చింది. అప్పటికే చేతిలో ఇమిడే కెమెరాలు మధ్యతరగతి ఇళ్లకు చేరుతున్నాయి. సంస్థానాల పోషణ మీద నిలిచిన పెద్ద స్టూడియోల కాలం సన్నగిల్లడం మొదలైంది.

2,857 గాజు నెగటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. 2006లో తపాలా శాఖ అతని పేర బిళ్ళ వేసింది.