పుట్టపర్తివారి ఆంగ్లవిద్య

హిందూపురమున రైలెక్కి ఉత్తరముగా ధర్మవరమునకు పోవు మార్గమున పెనుకొండ యున్నది. హిందూపురము బెల్లమునకు, చింతపండునకు పేరుపడిన అంగడి. ధర్మవరము పట్టుచీరల మగ్గములకు నెలవు. ఈ రెండూళ్ల నడుమనున్న పెనుకొండకు కీర్తి తెచ్చినది వర్తకము కాదు, గతవైభవము. 1565లో రాక్షసి తంగడి యుద్ధముతో విజయనగరము నేలకూలిన పిదప తిరుమల దేవరాయలు ఈ ఊరినే రాజధానిగా చేసికొనెను. కోటగోడలు, గగనమహలు, ప్రాచీన దేవాలయములు, బాబయ్య దర్గా నేటికిని ఆ కాలమును స్మరణకు తెచ్చుచున్నవి.

ఈ శిథిలముల నడుమ పెరిగిన ఒక పండితుని కుమారుడు బాల్యముననే ఒక ఆంగ్లేయ వనితకు శిష్యుడై ఆంగ్ల సాహిత్యము నభ్యసించెను. ఆంగ్లమున పట్టభద్రుడు కాలేదు, సీమకు పోలేదు. అయినను ఆ భాషలో ఖండకవితలు చెప్పెను, నాటకము వ్రాసెను. ఆ బాలుడే పిమ్మట సరస్వతీపుత్రుడని తెలుగుదేశము కొనియాడిన పుట్టపర్తి నారాయణాచార్యులు. పరభాష మనకు ఎంతవరకు వశమగును, దాని నెట్లు వశము చేసికొనవలెను అను ప్రశ్నకు వారి జీవితము ఒక చక్కని సమాధానము.

ఆచార్యులవారు 1914 మార్చి 28వ తేదీన అనంతపురము జిల్లా చియ్యేడు గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసాచార్యులు, తల్లి కొండమ్మ. వారి మొదటి ఇంటిపేరు తిరుమలవారు. విజయనగర ప్రభువులకు గురుపీఠమైన తాతాచార్యుల వంశము వారిది. పూర్వులు పుట్టపర్తి గ్రామమున నివసించుటచే ఆ ఊరిపేరే ఇంటిపేరుగా నిలిచెను. బాల్యము పెనుకొండలో గడచెను.

ఆ సీమలో భాషలకు కొరత లేదు. హిందూపురము నాటి మైసూరు సంస్థానమునకు పొలిమేర. అచ్చటి సంతలో తెలుగున అడిగిన మాటకు కన్నడమున బదులు వచ్చుట వింత కాదు. దర్గా పరిసరములలో ఉర్దూ వినబడును. శ్రీవైష్ణవ గృహములలో ఆళ్వారుల పాశురములు తమిళమున పఠింతురు. సంస్కృతము పండిత కుటుంబములకు ఇంటివిద్య. ఇన్ని భాషలు చెవిని పడుచుండగా పెరిగిన బాలునకు పరభాష యనిన బెదురు లేకపోవుట సహజమే.

కాని ఆంగ్లము సంగతి వేరు. అది సంతలో వినబడు భాష కాదు, ఇంటిలో పలుకు భాష కాదు. అది కచ్చేరీ భాష. సామాన్యునకు ఆంగ్లమనగా అర్జీ, తాఖీదు, ఉద్యోగము. దానిని నేర్చువారును సాధారణముగా ఆ మేరకే నేర్చుచుండిరి. పరీక్షకు చాలినన్ని మాటలు, కొలువునకు చాలినంత వ్యాకరణము దొరకినచో అంతటితో తృప్తి.

పెనుకొండ రెవెన్యూ శాఖకు ముఖ్యస్థానమగుటచే అచ్చట సబ్‌కలెక్టరు నివాసముండెను. నారాయణాచార్యుల బాల్యమున ఆ పదవిలో నుండిన ఆంగ్లేయుని భార్యను ప్రజలు పిట్ దొరసాని యని పిలిచెడివారు. ఆమెయే ఈ బాలునకు ఆంగ్ల గురువు. ఇచ్చట ఒక్క విషయము గమనింపదగినది. ఆమె నేర్పినది కచ్చేరీ ఆంగ్లము కాదు, ఆంగ్ల సాహిత్యము. పాలకవర్గపు ఇంట పుట్టిన విద్యయే అయినను అది ఆ బాలునకు అధికారపు మెట్టుగా గాక కావ్యముగా అందెను.

ఈ భేదము చిన్నది కాదు. మన పాఠశాలలలో ఆంగ్లము నేర్చు విద్యార్థుల కష్టమంతయు ఇచ్చటనే యున్నది. కఠిన పదముల పట్టిక నొకటి చేతబట్టి, ప్రక్కన అర్థములు వ్రాసికొని వల్లించినచో భాష వచ్చునని చాలమంది తలంపు. పట్టిక వలన పదమునకు అర్థము తెలియును గాని దాని ఔచిత్యము తెలియదు. మన తెలుగునే చూడుడు. చచ్చుట, చనిపోవుట, కన్నుమూయుట, పరమపదించుట అను నాలుగింటికిని నిఘంటువు చెప్పు అర్థ మొక్కటియే. కాని ఇంటి పెద్ద పోయినప్పుడు ఏ మాట వాడవలెనో, బోనులో పడిన ఎలుక విషయమున ఏ మాట వాడవలెనో తెలుగు బిడ్డకు ఒకరు చెప్పనక్కరలేదు. పరదేశీయుడు పట్టిక చూచి మాట్లాడినచో ఎలుక పరమపదించె ననును. ఆంగ్లమున డై, పాస్ ఎవే, పెరిష్ అను మాటల విషయమున మన విద్యార్థి చేయు పొరపాటును ఇట్టిదే.

జాతీయముల సంగతి ఇంకను చిక్కు. చేయి అనగా తెలియును, చేసికొనుట యనగా తెలియును. ఆ రెండును తెలిసినంత మాత్రమున చేయి చేసికొనుట యనగా కొట్టుట యని పరదేశీయునకు తోచదు. నోరు జారుట, కాలు దువ్వుట, చెవిని వేయుట మొదలగున వన్నియు ఇట్టివే. ఏ భాషలోనైనను ఇట్టి పలుకుబళ్లు విడివిడి పదముల మొత్తము కావు. అవి ఆ జాతి బ్రతుకులో, కవుల వాక్కులో పండి ప్రజల నోటికి దిగినవి. ఆంగ్లేయులు దినదినము వాడు పలుకుబళ్లలో ఎన్నియో షేక్స్పియరు నాటకములనుండియు, 1611లో వెలువడిన బైబిలు అనువాదము నుండియు వచ్చినవి. అసూయను పచ్చకన్నుల భూతముగా చెప్పుట ఒథెల్లో నాటకము నుండి వచ్చినది. మనోనేత్రమున చూచుట యను భావము హామ్లెట్ నాటకము వలన ప్రసిద్ధికెక్కినది. పట్టికలో వీనిని చదివినవాడు రెండు మాటలు నేర్చును. నాటకములో చదివినవాడు ఆ మాట ఎవడు, ఎవనితో, ఏ కపటముతో, ఏ దుఃఖముతో పలికెనో నేర్చును. అట్లు నేర్చిన మాట మరపునకు రాదు, తప్పుచోట నోటికిని రాదు.

మన ప్రాచీన విద్యావిధానమున ఈ రహస్యము పెద్దలకు తెలిసియే యున్నది. బాలునకు మొదట అమరము వల్లెవేయింతురు. అందు ఒక్కొక్క వస్తువునకు పేర్లు వరుసగా వచ్చును. కాని అంతటితో ఆపరు. పిమ్మట రఘువంశము మొదలుకొని కావ్యములు చదివింతురు. అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము చెప్పింతురు. అమరము పదముల నిచ్చును. కావ్యము వాని నెచ్చట నిలుపవలెనో చెప్పును. నారాయణాచార్యులకు సంస్కృతము ఈ విధముననే అబ్బినది. ఆంగ్లమును సాహిత్యముగా నేర్చుకొనుటచే ఆ భాషయు వారికి ఈ దారిననే వశమైనది.

ఇట్టి మార్గమునే ఇంతకు నూరేండ్ల ముందు ఒక ఆంగ్లేయుడు ఎదురు దిక్కునుండి నడచివచ్చెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు కచ్చేరీ మాటలతో తృప్తిపడలేదు. పండితులను చేరదీసి కావ్యములు చదివెను, తాళపత్రములు ప్రోగుచేసెను, వేమన పద్యములను అనువదించి 1829లో ప్రకటించెను. ఆ పఠనమంతయు గడచిన పిమ్మటనే 1852లో ఆయన తెలుగు నిఘంటువు వెలువడెను. ఆయనయు పరభాషలోనికి ప్రవేశించినది కావ్యద్వారముననే. ఈ సీమవారు ఆంగ్ల సాహిత్యమును తెలుగునకు అక్కరకు తెచ్చుటయు క్రొత్త కాదు. ధర్మవరమే ఇంటిపేరుగా గల రామకృష్ణమాచార్యులు, 1853లో పుట్టి ఆంధ్ర నాటక పితామహుడని కీర్తి గాంచినవారు, ఆంగ్ల విషాదాంత నాటకముల పోకడను విషాద సారంగధరతో మన రంగస్థలమునకు తెచ్చిరి.

పుట్టపర్తివారి తొలి కావ్యము మాత్రము తెలుగున, తమ ఊరిమీదనే పుట్టినది. పన్నెండేండ్ల ప్రాయముననే పెనుగొండలక్ష్మి యను పద్యకావ్యమును వ్రాసిరని ప్రసిద్ధి. తాము నిత్యము చూచుచుండిన శిథిలములే అందలి వస్తువు. పరభాషా కావ్యములకు చెవి యొగ్గిన ఆ బాలుడు తన కాలిక్రింది నేలను మరువలేదు. అదే కాలమున సంగీతము, నాట్యము అభ్యసించిరి. నాటకములలో స్త్రీ పాత్రలు ధరించిరి. పిమ్మట తిరుపతి సంస్కృత కళాశాలలో శాస్త్రములు చదివిరి. విద్వాన్ పరీక్షకు పోయినప్పుడు ఒక విచిత్రము జరిగెను. తాము బాల్యమున వ్రాసిన పెనుగొండలక్ష్మియే ఆ పరీక్షకు పాఠ్యగ్రంథము. కవియే విద్యార్థియై తన కావ్యముమీద ప్రశ్నల కుత్తరములు వ్రాయవలసివచ్చెను.

అటుపై వారి బ్రతుకు తెలుగు పండితుని బ్రతుకు. ప్రొద్దుటూరిలోను, కడపలోను బడిపిల్లలకు తెలుగు చెప్పిరి. ఆ దినములలో బడిలో ఆంగ్లము చెప్పు ఉపాధ్యాయునకు గల గౌరవము, జీతము తెలుగు పండితునకు లేవు. ఆంగ్లమున నాటకము వ్రాయగల మనుష్యుడు తెలుగు పండితుడన్న పేరిట తక్కువ మన్ననతో కాలము గడపవలసివచ్చెను. ఈ విపర్యయము ఆయనను కష్టపెట్టినను ఆంగ్లమును కొలువునకు నిచ్చెనగా వాడుకొనలేదు. ధర్మపత్ని కనకమ్మగారును కవయిత్రి. ఆ ఇంట ధనమునకు కొరతయుండినను పుస్తకమునకు కొరత లేదు.

కొంతకాలము తిరువనంతపురమున నిఘంటు నిర్మాణ కార్యమున పనిచేసిరి. మలయాళమున ఎంత చొచ్చుకొనిపోయిరనగా విశ్వనాథ సత్యనారాయణగారి ఏకవీరను ఆ భాషలోనికి అనువదించిరి. మరాఠీలో ధర్మానంద కోశాంబి రచించిన భగవాన్ బుద్ధుని తెలుగు చేసిరి. ప్రాకృతము పైనను వ్యాసములు వ్రాసిరి. వారికి పదునాలుగు భాషలు వచ్చునని ప్రతీతి. లెక్క ఎట్లున్నను, వారికి భాష రావలయుననగా ఆ భాషలోని కవి రావలయును. వారు నేర్చిన భాషలలో పెక్కింటికి ఏదో ఒక రచనయో, అనువాదమో సాక్ష్యముగా నిలిచియున్నది.

ఆంగ్లమున వారు రచించిన ఖండకవితల సంపుటి లీవ్స్ ఇన్ ది విండ్. నాటకము ది హీరో. పరభాషలో కవిత్వము చెప్పుట వ్యాసము వ్రాయుట వంటిది కాదు. వ్యాసమునకు వ్యాకరణము, పదసంపద చాలవచ్చును. కవితకు ఆ భాష ఊపిరి తెలియవలెను, ఏ అక్షరముమీద ఊనికయో చెవికి తోచవలెను. సంగీతము, నాట్యము నేర్చిన ఆచార్యులవారి చెవి ఈ పనికి తీర్చినట్టిది.

అయినను నిజము చెప్పవలెను. వారి ఆంగ్ల రచనలను నేడు చదువువారు అరుదు. జనుల నాలుకలమీద నిలిచినది శివతాండవము. ప్రొద్దుటూరిలో అగస్త్యేశ్వరుని సన్నిధిలో పుట్టిన ఆ గేయకావ్యమున సంస్కృత సమాసము, అచ్చతెనుగు పలుకు ఒకే గజ్జెకు కట్టినట్లు ఆడును. అది చదువుటకంటె వినుటకు తగిన కావ్యము. పరభాషలలో అంత లోతు పోయినవాడు మాతృభాషలో పలుచబడునని కొందరికి భయము. ఆ భయమునకు శివతాండవమే సమాధానము. ఆంగ్లమునకై వెచ్చించిన కాలము వారి తెలుగును తరుగనీయలేదు. ఒక భాషలో ఔచిత్యము నెరిగిన చెవి మరియొక భాషలోను దానినే వెదకును.

వారి జీవితము నిండుకుండ కాదు. మనశ్శాంతి లేక ఇల్లు విడిచి హిమాలయ ప్రాంతమునకు పోయిన దినములును కలవు. ఋషీకేశమున స్వామి శివానందులు వారిని సరస్వతీపుత్ర బిరుదముతో గౌరవించిరి. ఆలస్యముగా నైనను లోకమును గుర్తించెను. 1972లో పద్మశ్రీ లభించెను. జనప్రియ రామాయణమునకు 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. 1990 సెప్టెంబరు 1వ తేదీన ఆచార్యులవారు కీర్తిశేషులైరి.

నేడు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఆ ఊళ్ల బడులలో ఆంగ్లము చదువు పిల్లలకు నాటి బాలునకు లేని సాధనము లెన్నియో యున్నవి. నిఘంటువులు కరతలామలకములు, ఉచ్చారణ వినవలెనన్న దొరసాని నివాసమునకు పోనక్కరలేదు. కాని ఆ బాలుడు చేసిన పని సాధనములు చేసిపెట్టునది కాదు. ఉపాధ్యాయుడు పది కఠిన పదములు పలకమీద వ్రాయుటకు మారుగా ఒక్క మంచి రచనను ఎదుట బెట్టి, అందలి మాట ఆ చోటనే ఏల కూర్చుండెనో పిల్లలతో కలసి వెదకినచో చాలును. ఆ మాటకు సాటివచ్చు తెలుగు పలుకుబడిని అప్పుడే పిల్లలచేతనే చెప్పించినచో రెండు భాషలును ఒకేసారి పెరుగును. పెనుకొండలో ఒక పండితుని కుమారునకు ఆంగ్లము వచ్చినది ఆ దారిననే.