యాన్ ఇంజెన్‌హౌజ్

యాన్ ఇంజెన్‌హౌజ్ (డిసెంబర్ 8, 1730 – సెప్టెంబర్ 7, 1799) హాలెండు దేశమునకు చెందిన వైద్యుడు, శాస్త్రవేత్త. ఈయన పేరును జాన్ ఇంజెన్‌హౌజ్ అని కూడా వ్రాస్తారు. మొక్కలు గాలిని శుభ్రపరచుటకు సూర్యకాంతి అవసరమనీ, ఆ పని చేసేవి ఆకుపచ్చని భాగములు మాత్రమేననీ 1779లో ఋజువు చేసి, కిరణజన్య సంయోగక్రియ అధ్యయనమునకు పునాది వేసినవారిలో ముఖ్యుడయ్యాడు. ఆ కాలములో మాత్రం ఈయన ఐరోపాలో మశూచి టీకాల వైద్యునిగానే ఎక్కువ ప్రసిద్ధుడు.

బాల్యము, విద్య

ఇంజెన్‌హౌజ్ బ్రెడా పట్టణములో ఒక కాథలిక్ కుటుంబములో జన్మించాడు. పసితనములోనే తల్లి మరణించింది. లూవెన్ విశ్వవిద్యాలయములో వైద్యపట్టము పొంది, పిదప లైడెన్‌లో చదివాడు. విద్యుత్తుపై ఈయనకు జీవితాంతము నిలిచిన ఆసక్తి అక్కడి చదువుతో బలపడింది. కొంతకాలము స్వగ్రామములో వైద్యము చేసి, తండ్రి మరణానంతరము 1765 ప్రాంతములో లండన్ చేరాడు. యుద్ధకాలములో బ్రెడా సమీపమున విడిది చేసిన ఆంగ్ల సైనిక వైద్యుడు జాన్ ప్రింగిల్ ఈ కుటుంబమునకు స్నేహితుడు. ఇంజెన్‌హౌజ్ జీవితములోని మలుపులలో చాలవాటి వెనుక ఆయన చేయి కనిపిస్తుంది.

మశూచి టీకాలు

జెన్నర్ గోమశూచి టీకా (1796) రాకమునుపు, మశూచి తేలికగా సోకిన రోగి బొబ్బలోని రసిని ఆరోగ్యవంతుని చర్మముపై చిన్న గాటులో ఉంచే పద్ధతి ఉండేది. ప్రమాదము లేకపోలేదు గానీ, సహజముగా వచ్చిన మశూచి కంటే ఇది ఎంతో మేలు. 1768లో ఇంజెన్‌హౌజ్ హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో థామస్ డిమ్స్‌డేల్‌తో కలిసి సుమారు 700 మంది గ్రామస్థులకు ఈ టీకాలు వేశాడు.

అంతకు ముందు సంవత్సరమే వియన్నా రాజకుటుంబములో మశూచి ప్రాణములు తీసింది. మహారాణి మరియా థెరీసాకు స్వయముగా ఆ వ్యాధి సోకి బ్రతికి బయటపడింది. ఆమె కోరగా, ప్రింగిల్ సిఫారసుపై ఇంజెన్‌హౌజ్ వియన్నా వెళ్ళి రాజకుటుంబములోని పిల్లలకు టీకాలు వేశాడు. ఒక్క బిడ్డకు హాని జరిగినా ఆయన పేరే కాదు, ఐరోపాలో ఆ పద్ధతి కూడ అప్రతిష్ఠ పాలయ్యేది. పిల్లలందరూ కోలుకున్నారు. ఆస్థాన వైద్యపదవి, జీవితాంతము సంవత్సరమునకు 5,000 గుల్డెన్ల వేతనము లభించాయి. తరువాతి పరిశోధనలన్నీ ఈ వేతనము ఆధారముగా సాగినవే. 1769లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1775లో వృక్షశాస్త్రజ్ఞుడు జాక్విన్ సోదరి అగాథాను వివాహమాడాడు. వారికి సంతానము లేదు.

మొక్కలపై ప్రయోగములు

1771లో జోసెఫ్ ప్రీస్ట్లీ, క్రొవ్వొత్తి వెలిగి ఆరిపోయిన గాలిలో పుదీనా మొక్కను ఉంచితే కొన్నాళ్ళకు ఆ గాలిలో మరల క్రొవ్వొత్తి వెలుగుతుందని కనుగొన్నాడు. 1773లో ఆయనకు కాప్లీ పతకము ఇచ్చినప్పుడు రాయల్ సొసైటీ అధ్యక్షునిగా ప్రసంగించినది ప్రింగిలే. అయితే ఈ ప్రయోగము ఒకసారి ఫలించి, మరొకసారి విఫలమయ్యేది. స్వీడన్‌లో షీలేకు అనుకూల ఫలితము రాలేదు. ప్రీస్ట్లీకే తరువాత సందేహము కలిగింది.

ఈ చిక్కును విప్పుటకు ఇంజెన్‌హౌజ్ 1779 వేసవిలో లండన్ సమీపమున ఒక పల్లెటూరి ఇల్లు అద్దెకు తీసుకుని, మూడు నెలల లోపే 500కు పైగా ప్రయోగములు చేశాడు. నీటిలో ముంచిన ఆకుల నుండి ఎండలో బుడగలు లేచేవి, చీకటిలో ఆగిపోయేవి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, దామరచర్ల ప్రాంతపు వరిమడులలో మధ్యాహ్నపు ఎండకు నాచు మీద తేలే బుడగలు ఇటువంటివే. ఆయన ఆ వాయువును సేకరించి, యూడియోమీటర్ అనే పరికరముతో దాని స్వచ్ఛతను కొలిచాడు. అది నేడు మనము ఆక్సిజన్ అని పిలిచే ప్రాణవాయువు. బుడగలకు కారణము సూర్యుని వేడి కాదు, వెలుగే అని కూడ తేల్చాడు. ప్రీస్ట్లీ ప్రయోగము ఒక్కొక్కసారి ఎందుకు విఫలమయ్యేదో దీనితో అర్థమయింది. గాజుపాత్ర వెలుగులో ఉన్నదా, నీడలో ఉన్నదా అన్నది అంతవరకు ఎవరూ పట్టించుకోలేదు.

రాత్రివేళ మొక్కలన్నీ, వేళ్ళు, పువ్వులు, పండ్లు పగలు కూడ, గాలిని చెడగొడతాయని ఆయన గమనించాడు. రాత్రి చింతచెట్టు క్రింద పడుకోరాదని మన పెద్దలు చెప్పే మాటకు దీనిని శాస్త్రీయ ఆధారముగా చూపుతుంటారు. కాని రాత్రి కలిగే చెడుగు, పగటి మేలు ముందు స్వల్పమేనని ఇంజెన్‌హౌజ్ స్వయముగా వ్రాశాడు.

ఈ ఫలితములను అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లీషు గ్రంథముగా ప్రచురించి ప్రింగిల్‌కు అంకితమిచ్చాడు.

వివాదము

వెలుగు పాత్రను తానే కనుగొన్నానని ప్రీస్ట్లీ తరువాత సూచించడము ఇంజెన్‌హౌజ్‌ను బాధించింది. జెనీవాకు చెందిన సెనెబియే 1782లో బొగ్గుపులుసు వాయువు అవసరమును చూపి గొప్ప సేవ చేశాడు గాని, తనకు తగిన గౌరవము ఇవ్వలేదని ఇంజెన్‌హౌజ్ భావించాడు. ముద్రణ తేదీలను బట్టి చూస్తే, కాంతి, ఆకుపచ్చని భాగముల విషయములో ఈయన వాదమే బలముగా కనిపిస్తుంది. పాఠశాలలో హైడ్రిల్లాతో చేసే ప్రయోగమునకు మూలము ఈయన పరిశీలనలే. లెవోయిజియే కొత్త రసాయనశాస్త్రమును అంగీకరించిన పిదప 1796లో వ్రాసిన వ్యాసములో, మొక్కలలోని కర్బనము గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుండే వస్తుందని వాదించాడు.

ఇతర పరిశోధనలు

మైనము పూసిన లోహపు కడ్డీలతో లోహముల ఉష్ణవాహకత్వమును పోల్చే ప్రయోగము ఈయన పేరుతోనే ప్రసిద్ధము. బెంజమిన్ ఫ్రాంక్లిన్ దీనికి ప్రేరణ. వీరిద్దరిది చిరకాల మైత్రి. సూక్ష్మదర్శిని క్రింద ద్రవపు చుక్క ఆరిపోకుండ పలుచని గాజుపలక కప్పమని సూచించినది కూడ ఇంజెన్‌హౌజే.

చివరి రోజులు

1789 జూలైలో ఫ్రెంచి విప్లవము మొదలైనప్పుడు ఇంజెన్‌హౌజ్ పారిస్‌లో ఉన్నాడు. అక్కడినుండి హాలెండు మీదుగా ఇంగ్లండు చేరాడు. యుద్ధముల వలన వియన్నాలోని భార్య వద్దకు తిరిగి వెళ్ళలేకపోయాడు. 1799లో విల్ట్‌షైర్‌లోని బోవుడ్ భవనములో మరణించాడు. 1774లో ప్రీస్ట్లీ ప్రాణవాయువును వేరుచేసినది కూడ ఈ భవనములోనే. కాన్ పట్టణపు చర్చిలో ఈయనను సమాధి చేశారు. మరుసటి సంవత్సరము అగాథా వియన్నాలో మరణించింది.

తరువాతి పరిశోధనలు

1804లో సొస్యూర్ ఈ చర్యలో నీటి పాత్రను చూపాడు. విడుదలయ్యే ప్రాణవాయువు నీటినుండే వస్తుందని 1941లో రూబెన్, కామెన్ బృందము ఐసోటోపులతో నిర్ధారించింది. తెలుగునాట 1970 దశకములో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో వి.ఎస్.రామదాస్, ఆయన శిష్యుడు ఎ.ఎస్.రాఘవేంద్ర సి4 మొక్కలపై పరిశోధనలు చేశారు. జొన్న, మొక్కజొన్న, చెరకు సి4 వర్గమునకు చెందినవి. వరి సి3 వర్గమునకు చెందినది.