పుట్టింటికి కారులో బయల్దేరిన ఇల్లాలు

పిల్లలకు సెలవులిస్తే చాలు, పుట్టింటికి వెళ్ళడానికి ఆడవాళ్ళు వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు. 1888 ఆగస్టులో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని తల్లి దగ్గరికి బయల్దేరిన బెర్తా బెంజ్‌దీ పైకి చూస్తే అలాంటి ప్రయాణమే. కాకపోతే ఆమె రైలెక్కలేదు. గుర్రబ్బండి కట్టించలేదు. భర్త తయారుచేసిన మోటారుబండిని తెల్లవారుజామున బయటికి తీసి, ఆయనకు చెప్పకుండా వెళ్ళిపోయింది!

బెంజ్ కారు పేరు విననివాళ్ళు అరుదు. అది కార్ల్ బెంజ్ పేరని కూడా చాలామందికి తెలుసు. కానీ వర్క్‌షాపులో పుట్టిన ఆ యంత్రం నలుగురూ నడిచే రోడ్డు మీదికి రావడంలో ఆయన భార్య వాటా ఎంత? నన్నడిగితే, సగానికి తక్కువ కాదంటాను.

కట్నం డబ్బే పెట్టుబడి

బెర్తా 1849 మే 3న ఫోర్ట్స్‌హైమ్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి వడ్రంగం పనితో పైకొచ్చి బాగా గడించినవాడు. ఈమె పుట్టినప్పుడు, మళ్ళీ ఆడపిల్లేనా అని నిట్టూరుస్తూ ఇంట్లోని బైబిల్‌లో ఓ మాట రాసుకున్నాడని చెబుతారు. పిల్లకు యంత్రాలంటే ఆసక్తి. అయినా పెద్ద చదువు మాటే లేదు. వాళ్ళ బాడెన్ రాజ్యంలో విశ్వవిద్యాలయాలు ఆడవాళ్ళకు తలుపులు తెరిచింది 1900లో. అప్పటికి బెర్తా ఐదుగురు పిల్లల తల్లి.

ఆమెకు నచ్చిన కార్ల్ బెంజ్ కార్ల్స్‌రూహె పాలిటెక్నిక్‌లో చదివిన ఇంజనీరు. చేతిలో పనితనం ఉంది, డబ్బు లేదు. పైగా వర్క్‌షాపులో భాగస్వామితో పడటం లేదు. 1871లో, అంటే పెళ్ళికి ఏడాది ముందే, బెర్తా తన కట్నంలో కొంత ముందుగా ఇప్పించుకుని ఆ భాగస్వామి వాటా కొనిపించింది. 1872లో పెళ్ళయింది. చిత్రమేమిటంటే, పెళ్ళి కానంతవరకూ తన డబ్బు తన ఇష్టప్రకారం పెట్టుబడి పెట్టగలిగిన మనిషికి, తాళి పడ్డాక... కాదు, ఉంగరం తొడిగాక, అప్పటి చట్టం ప్రకారం ఆ అధికారం పోయింది. డబ్బు ఆమెది, వ్యాపారం ఆయనది!

ఇబ్బందుల మధ్యే ఏళ్ళు గడిచాయి. 1886 జనవరి 29న కార్ల్ తన మోటారుబండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. స్టీలు గొట్టాల చట్రం, మూడు చక్రాలు, వెనకవైపు ఒక్క సిలిండరు ఇంజను. దాని బలం ఒక గుర్రం బలానికి కూడా తక్కువే. స్టార్ట్ చెయ్యాలంటే పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పాలి. ఆ ఏడు జూలైలో మాన్‌హైమ్ వీధుల్లో దాన్ని జనం చూశారు, వింతపడ్డారు. కొనడానికి మాత్రం ముందుకు రాలేదు. కార్ల్ ఏమో ఇంకా ఏదో సరిచెయ్యాలంటూ షెడ్డులోనే ఉండేవాడు. బండి ఊరు దాటిందే లేదు.

దారి పొడుగునా రిపేర్లే

ఊరు దాటించింది బెర్తా. పదిహేనేళ్ళ యూజెన్, పదమూడేళ్ళ రిచర్డ్ తోడు. పుట్టింటికి దూరం నూరు కిలోమీటర్ల పైమాటే. గుర్రబ్బండ్ల కోసం వేసిన మట్టి రోడ్లు. పెట్రోలు బంకులు అసలే లేవు.

ఇంధనం అయిపోవచ్చింది. వీస్‌లోహ్ ఊళ్ళో మందుల షాపుకెళ్ళి, బట్టల మీద మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ కొని పోసింది. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు ఇదేనని ఆ షాపును ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంజను వేడెక్కి నీళ్ళు ఆవిరైపోతుంటే, దొరికినచోటల్లా నీళ్ళు పట్టి పోశారు. ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. స్కూటరు నడిపేదాన్ని కాబట్టి నాకు తెలుసు, కార్బురేటరులో ఇసుమంత చెత్త చేరినా బండి ఎలా మొరాయిస్తుందో. నేనైతే మెకానిక్‌ను పిలుస్తాను. ఆమె పిలవడానికి ప్రపంచంలో మోటారు మెకానిక్ అనేవాడే లేడు!

కరెంటు వైరు ఒరుసుకుపోతే, మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. సాగిన గొలుసును దారిలో కమ్మరి చేత బాగుచేయించింది. దిగుళ్ళలో కొయ్య బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలుముక్కలు కొట్టించింది. బ్రేకు లైనింగుకు నాంది అదే. ఇక ఎగువ దారుల్లో బండి ఎక్కలేక చతికిలబడితే దిగి తొయ్యడమే. ఎట్లాగైతేనేం, చీకటిపడేవేళకు పుట్టింటి ఊరు చేరి, క్షేమంగా వచ్చామని భర్తకు టెలిగ్రాం కొట్టింది.

వాడితేనే తెలిసేది

కొన్నాళ్ళకు అదే బండిలో వెనక్కి వచ్చింది. లోపాల చిట్టా కూడా తెచ్చింది. మెట్ట ఎక్కడానికి ఇంకో చిన్న గేరు కావాలంది, కార్ల్ పెట్టాడు. వర్క్‌షాపులో ఎన్నేళ్ళు కూర్చున్నా తెలియని సంగతి, ఒక్క రోజు వాడేసరికి తెలిసింది. గ్రైండరు చేసిన కంపెనీ కంటే రోజూ పిండి రుబ్బే మనిషికే దాని గుణం తెలిసినట్టు!

అదే ఏడాది మ్యూనిక్ ప్రదర్శనలో బండికి బంగారు పతకం వచ్చింది. 1894లో నాలుగు చక్రాల చిన్న బండి వెలో మార్కెట్లోకి వచ్చి వందల్లో అమ్ముడుపోయింది. శతాబ్దం మారేనాటికి బెంజ్ కంపెనీ ప్రపంచంలోనే పెద్ద కార్ల సంస్థ.

పేటెంటు మీద మాత్రం బెర్తా పేరు లేదు. కార్ల్ 1929లో పోయాడు. 1944 మే 3న, 95వ పుట్టినరోజు నాడు, కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెను గౌరవ సెనెటర్‌ను చేసింది. భర్త చదివిన సంస్థే అది, తన వయసులో ఆమెకు ప్రవేశం లేని సంస్థే అది. రెండు రోజులకే ఆమె కన్నుమూసింది.

ఆమె వెళ్ళిన దారికి 2008 నుంచి ఆమె పేరే ఉంది. అది ఆలస్యంగా దక్కిన గౌరవమే. కానీ ఘాట్ రోడ్డు ఎక్కుతూ ఎవరైనా చిన్న గేరు వేస్తే, నాకు మాత్రం గుర్తొచ్చేది కార్ల్ కాదు. బండి దిగి, ఎగువలో కొడుకుల చేత తోయించిన బెర్తాయే.