దేశదిమ్మరికి దేశబహిష్కారం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి పొట్ట చేతబట్టుకుని అటు తరలినవారి సంతతికి వలసజీవి అగచాట్లు ఒకరు చెప్పనక్కరలేదు. ఢిల్లీలో పౌరసత్వ పత్రాల వాదన చెలరేగినప్పుడల్లా, ఆ అగచాట్ల నుండే హాస్యాన్ని పిండిన చార్లీ చాప్లిన్ జ్ఞప్తికి వస్తాడు.

1889లో లండన్‌లో జన్మించిన ఆయన ఏడేళ్ల ప్రాయంలోనే పేదల శరణాలయం చేరవలసి వచ్చింది. తల్లికి మతి చలించింది. 1913లో అమెరికాలో కీస్టోన్ కంపెనీ వారానికి 150 డాలర్ల జీతమిచ్చి తీసుకున్నది. మరుసటి ఏడే చేతికర్ర, వదులు పంట్లాముల దిమ్మరి తెరకెక్కాడు. తన్నులు, పరుగులు, పల్టీలు; మాటలు లేవు గనుక అనువాదమూ అక్కరలేదు.

1917 నాటి ‘ది ఇమిగ్రెంట్’ రెండు రీళ్ల చిత్రం. స్వేచ్ఛాప్రతిమ కనుచూపు మేరలో ఉండగానే, ఓడ మీది వలసవారిని అధికారులు పశువులవలె తాడుకట్టి నిలిపివేస్తారు. దిమ్మరి ఒక అధికారి వెనుకభాగాన తన్ని ఊరుకుంటాడు. జనం నవ్వారు. ప్రభుత్వాలకు నవ్వు ఆలస్యంగా వస్తుంది, లేదా రానే రాదు.

1931లో లండన్‌లో గాంధీజీని కలిసి యంత్రాలను గూర్చి చర్చించారు. 1936లో ‘మోడరన్ టైమ్స్’ వచ్చింది.

సుమారు నలభై ఏళ్లు అక్కడ పనిచేసినా ఆయన అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు. 1952 సెప్టెంబరులో లండన్‌కు ఓడలో పోతుండగా ఆయన పునఃప్రవేశ అనుమతి రద్దయింది. కమ్యూనిస్టు సానుభూతి, ప్రవర్తన అన్నవి ఆరోపణలు. నేరమేదీ రుజువు కాలేదు. స్విట్జర్లాండ్‌లో స్థిరపడి, 1972లో ఆస్కార్ గౌరవం అందుకోవడానికి మాత్రం తిరిగి వెళ్లారు. 1977 క్రిస్మస్ నాడు స్విట్జర్లాండ్‌లోనే కన్నుమూశారు.