క్రీడాగురువు రహీం

క్రీడా సంగ్రహాలయములు పతకములను భద్రపరచును. క్రీడాకారులను తీర్చిదిద్దిన గురువుల శ్రమకు అచ్చట చోటు దక్కుట అరుదు. సయ్యద్ అబ్దుల్ రహీం అట్టి గురువు.

1909లో హైదరాబాదునందు జన్మించిన రహీం వృత్తిచే బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్స్ కప్పును గెలిచెను.

1952లో హెల్సింకి ఒలింపిక్సునందు, పలువురు బూట్లు లేకయే ఆడిన భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియాకు పది గోల్సు సమర్పించుకొని ఓడెను. రహీం క్రుంగలేదు. యువకులను వెదకి, బంతిని త్వరగా అందించుకొను పద్ధతిని నేర్పెను. 1956లో మెల్బోర్నునందు భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్సున సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టయ్యెను. దక్కినది నాలుగవ స్థానము. దానికి పతకము లేదు.

1962 నాటికి ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సరు బాధించుచుండెను. అయినను ఆసియా క్రీడలకై జకార్తాకు జట్టును నడిపెను. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగును ముందువరుసలో నిలిపెను. దక్షిణ కొరియాతో జరిగిన ఫైనలునందు అతడే ఒక గోలు చేసెను. 2-1తో స్వర్ణము లభించెను. 1963 జూన్ 11న రహీం కన్నుమూసెను.

ఫుట్‌బాలున ఆ స్వర్ణము మరల రాలేదు. పతకముల ప్రక్కన ఆ పంతులు పేరును నిలుపుట జాతి తీర్చవలసిన ఋణము.