కె.ఎన్.కేసరి

కె.ఎన్.కేసరి (1875 - 1953) సుప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు, ఔషధ వ్యాపారి, పత్రికాధిపతి, దాత. మద్రాసులో కేసరి కుటీరం అనే ఔషధశాలను నెలకొల్పి, స్త్రీల ఋతుసంబంధమైన బాధలకు లోధ్ర అనే మందును తయారుచేసి తెలుగునాట ఇంటింటా పేరు పొందారు. ఆ మందు తెచ్చిన ఆదాయమే గృహలక్ష్మి మాసపత్రికకు ఆధారమయింది.

జీవితం

కేసరి ఒంగోలు ప్రాంతంలోని ఇనమనమెళ్ళూరు గ్రామంలో పేద కుటుంబంలో జన్మించారు. ఆ గ్రామం అప్పట్లో నెల్లూరు జిల్లాలోనిది, తరువాత గుంటూరు జిల్లాలోనూ 1970 నుండి ప్రకాశం జిల్లాలోనూ చేరింది. చిన్నతనంలోనే పొట్ట చేతపట్టుకొని కాలినడకన మద్రాసు చేరి, అక్కడే చదువుకొని వైద్యవృత్తిలో స్థిరపడ్డారు. ఆనాటి పల్లెజీవితాన్ని, తాను చూసిన పాత మద్రాసును ఆయన చిన్ననాటి ముచ్చట్లు అనే స్వీయచరిత్రలో వర్ణించారు. వైద్యం కన్నా ఊరి సంగతులకే ఎక్కువ చోటిచ్చిన ఈ పుస్తకం నేడు సాంఘిక చరిత్రకారులకు బాగా ఉపయోగపడుతోంది.

లోధ్ర

సంస్కృతంలో లోధ్రము అనే చెట్టును తెలుగులో లొద్దుగ అంటారు. దీని బెరడు వగరుగా ఉంటుంది. అద్దకంలో రంగు పట్టడానికి కూడా దీనిని వాడేవారు. కాళిదాసు మేఘసందేశంలో అలకాపురి స్త్రీలు ముఖానికి అద్దుకొనే పుప్పొడి ఈ చెట్టు పూలదే. ఆయుర్వేదంలో మాత్రం బెరడుదే ప్రాధాన్యం. వగరు రుచి గల ద్రవ్యాలు స్రావాన్ని అరికడతాయని ఆ శాస్త్రం చెబుతుంది. అందుచేత అధిక రక్తస్రావానికీ, తెల్లబట్టకూ లొద్దుగ బెరడును అశోక చెక్కతో పాటు వాడటం వైద్యుల ఆచారం. కేసరి తన మందుకు పెట్టిన పేరు ఈ మూలికదే.

ముట్లుడుగుటను ఆయుర్వేదం రోగంగా కాక వయోధర్మంగా పరిగణిస్తుంది. ఋతుస్రావం పన్నెండవ యేట మొదలై యాభయ్యవ యేట ఆగుతుందని సుశ్రుత సంహిత నిర్ణయించింది. నేటి వైద్యులు సగటున చెప్పే వయస్సు కూడా దీనికి దరిదాపుల్లోనే ఉండటం గమనార్హం. అయితే ఆగిపోవడానికి ముందు కొన్నేళ్ళపాటు బహిష్టులు క్రమం తప్పడం, కొందరికి రక్తస్రావం ఎక్కువ కావడం, నీరసించిపోవడం మామూలు. లోధ్ర వంటి మందులకు గిరాకీ తెచ్చిన బాధలలో ఇవీ ఉన్నాయి. ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి వేరు సంగతి. వాటికి బెరడు వగరు పనిచేస్తుందనడానికి శాస్త్రంలోనూ ఆధారం లేదు. అటువంటి బాధలకు దేశీయ వైద్యులు శతావరి, అనగా పిల్లిపీచర గడ్డలను పాలతో ఇచ్చేవారు.

సీసా మందు అంతగా వ్యాపించడానికి అసలు కారణం సిగ్గు. మద్రాసులో కులస్త్రీల కోసం, గోషా స్త్రీల కోసం విక్టోరియా ఆసుపత్రి 1885లోనే వెలసినా, ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు వైద్య కళాశాల నుండి పట్టభద్రురాలైంది 1912లో గాని కాదు. పల్లెలో ఉన్న నడివయసు గృహిణి తన బాధను మగ వైద్యునికి చెప్పుకోలేదు, అత్తగారికి చెప్పుకోవడమూ కష్టమే. పత్రికలో ప్రకటన చూసి తెప్పించుకొనే మందుకు ఆ ఇబ్బంది లేదు. అమెరికాలో లిడియా పింకమ్ అనే గృహిణి పేరుతో 1875లో, అంటే సరిగ్గా కేసరి పుట్టిన సంవత్సరంలోనే, బజారులోకి వచ్చిన మూలికల మందు కూడా ఇదే కారణంతో లక్షల సీసాలు అమ్ముడుపోయింది. అందులో బ్లాక్ కోహోష్ అనే వేరుతో పాటు సారాయి కూడా దండిగానే ఉండేది.

గృహలక్ష్మి

1928లో కేసరి స్త్రీల కోసం గృహలక్ష్మి మాసపత్రికను ప్రారంభించారు. కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం రాబడితో ఆంధ్రపత్రికను నడిపినట్లే, కేసరి లోధ్ర రాబడితో దీనిని నడిపారు. మందుల వ్యాపారి పత్రిక పెడితే అది తన సరుకు ప్రకటనలకే అనుకోవడం సహజం. ఆ ప్రయోజనం లేకపోలేదు. కాని కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు వెలువడినది ఈ పత్రికలోనే. బాల్యవివాహ నిరోధక చట్టం మొదలు ఖద్దరు వరకు ఎన్నో విషయాలను ఆమె ఆ లేఖల్లో స్త్రీలకు వివరించారు. ఉత్తమ రచయిత్రులకు కేసరి గృహలక్ష్మి స్వర్ణకంకణం బహూకరించే ఏర్పాటు చేశారు. 1934లో మొదటి కంకణం అందుకొన్నది వరలక్ష్మమ్మే. మద్రాసులోని తెలుగు పిల్లల చదువు కోసం మైలాపూరులో కేసరి ఉన్నత పాఠశాలకు కూడా ఆయన ధనసహాయం చేశారు.

తరువాతి కాలం

కేసరి 1953లో మరణించారు. మరుసటి యేడే, 1954లో, భారత ప్రభుత్వం మందులు, మాంత్రిక చికిత్సల ప్రకటనలపై ఆంక్షలు విధిస్తూ చట్టం చేసింది. స్త్రీల ఋతుదోషాలను సరిచేస్తామని ప్రకటించడం ఆ చట్టం నిషేధించిన వాటిలో ఒకటి. ఆయుర్వేద మందుల తయారీకి 1964లో ఔషధ చట్టంలో ప్రత్యేక నిబంధనలు చేర్చారు. కేసరి తరం వైద్యులు స్వేచ్ఛగా చేసుకొన్న వ్యాపారానికి ఇలా హద్దులు ఏర్పడ్డాయి.

ఈ హద్దులు అనవసరమని చెప్పలేము. లొద్దుగ బెరడుపై ప్రయోగశాలల్లో పరిశోధనలు జరిగినా, ముట్లుడిగే దశలోని స్త్రీలపై పెద్ద ఎత్తున జరిపిన నమ్మదగిన పరీక్షలు లేవు. బ్లాక్ కోహోష్‌పై పరీక్షలు చాలా జరిగాయి గాని ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు, పైగా అరుదుగా కాలేయానికి హాని కలిగిన సందర్భాలు నమోదయ్యాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నడివయసులో అధిక రక్తస్రావానికి గర్భాశయంలోని గడ్డలు, ఒక్కొక్కప్పుడు క్యాన్సర్ కూడా కారణం కావచ్చు. బహిష్టులు ఆగి ఏడాది దాటిన తరువాత కొద్దిపాటి రక్తం కనిపించినా వెంటనే పరీక్ష చేయించుకోవాలి. స్రావాన్ని తగ్గించే మందు ఏదైనా, అది మూలికే అయినా, ఈ సూచనను కప్పిపుచ్చి రోగ నిర్ణయాన్ని ఆలస్యం చేయగలదు. కేసరి కాలంలో ఆ పరీక్షలు పల్లె స్త్రీలకు అందుబాటులో లేవు, వారికి దొరికింది సీసా మందొక్కటే.